నూటఇరవయ్యో ఆరోగ్యవంతురాలు

మా జిల్లా ఆసుపత్రిలో రోగులకు ఏనాడూ కొదవలేదు. కొదవల్లా ఆరోగ్యవంతులకేనన్న సంగతి మాకు పోయిన ఆషాఢంలో తెలిసింది. అప్పటి నుంచి వాళ్ల కోసం మేం పడ్డ అగచాట్లు ఇన్నీ అన్నీ కావు.

నా పేరు సుభానీ. ఇరవై రెండేళ్లుగా ఈ ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తున్నాను. ఊళ్లో నేను ఎదురుపడితే సగం మంది నమస్కారం పెట్టరు, మోచెయ్యి మడిచి లోపలికి లాక్కుంటారు. నేను దాన్నే నమస్కారం అనుకుని ముందుకు పోతుంటాను.

ఆ ఆషాఢంలో మా ల్యాబుకి పారాథైరాయిడ్ హార్మోను పరీక్ష చేసే యంత్రం వచ్చింది. మెడలో థైరాయిడ్ గ్రంథి ఉంటుందని ఇప్పుడు అందరికీ తెలుసు, ఇంటికొకరు దానికి మాత్ర మింగుతున్నారు గనక. దాని వెనక కందిగింజంతేసి గ్రంథులు ఇంకో నాలుగు నక్కి ఉంటాయి. ఒంట్లో కాల్షియం ఎంత ఉండాలో చూసుకునేవి అవే. వాటిలో ఏ ఒక్కటైనా ఉబ్బి అతి చేసిందంటే, ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో పోస్తుంది. ఎముకలు గుల్లబారతాయి, కిడ్నీల్లో రాళ్లు పడతాయి, మనిషి వడిలిపోతాడు. ఆ గ్రంథి దొంగతనం పట్టుకోవాలంటే రక్తంలో దాని హార్మోను ఎంతుందో చూడాలి. పరగడుపున రక్తం తీసి, ఊదారంగు మూత ఉన్న గొట్టంలో పోసి, ఐసులో పెట్టి పరుగున తీసుకురావాలి. యంత్రం ఇచ్చిన ఆసుపత్రి ఐసు మాత్రం ఇవ్వలేదు. అది గేటు ముందు చెరుకురసం బండివాడి దగ్గర తెచ్చుకుంటున్నాం.

యంత్రానికి పట్టిన మొదటి రక్తం సైదమ్మది. సైదమ్మ అంటే ఆసుపత్రి వెనక సందులో ఇస్త్రీ బండి పెట్టుకున్నావిడ. మా డాక్టర్ల తెల్లకోట్లన్నీ ఆమె చేతిమీదుగా వెళ్లినవే. నలభై ఆరేళ్ల మనిషి. రెండేళ్లలో రెండుసార్లు కిడ్నీలో రాళ్లు పడ్డాయి. శివరాత్రి ముందు ఇస్త్రీ పెట్టె ఎత్తబోతే మణికట్టు విరిగింది. అది అతుక్కోకముందే ఒకరోజు గట్టిగా దగ్గితే పక్కటెముక పటుక్కుమంది. దగ్గుకి ఎముక విరగడమేంటని ఎముకల వార్డులో నవ్వుకున్నారు గానీ సర్జన్ మాల్యాద్రి గారు నవ్వలేదు. కాల్షియం పరీక్ష చేయించారు. పదిన్నర దాటకూడనిది పదమూడు పాయింట్ ఎనిమిది ఉంది. మెడలో గ్రంథి తీసేయాలి, ముందు హార్మోను రిపోర్టు కావాలి అన్నారు.

పొద్దున్నే రక్తం తీశాను. పద్దెనిమిది నిమిషాలకి యంత్రం తెర మీద అంకె పడింది. ఆరువందల పన్నెండు. కిట్టు అట్టపెట్టె మీద నార్మల్ పదిహేను నుంచి అరవై అయిదు అని ఉంటుంది. రిపోర్టు ప్రింటు తీద్దామని మీట మీద వేలు పెట్టానో లేదో, సూపరింటెండెంటు గారి ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. వేలు తీసేశాను. సర్కారు నౌకరీలో వేలు తీయడం ముందు నేర్చుకోవాలి.

సర్క్యులర్ రాసింది వైకుంఠరావు గారు. అది నాణ్యతా సంవత్సరం కావడంతో పైనుంచి మా ఆసుపత్రికి ఆయన్ని నాణ్యతా ప్రమాణాల ప్రత్యేకాధికారిగా పంపించారు. వచ్చిన నెలలోనే నలభై సర్క్యులర్లు తీశారు. ఆపరేషన్ థియేటర్లోకి రోగి తప్ప ఎవరు అడుగుపెట్టాలన్నా, ముక్కులో క్రిములు లేవని మా ల్యాబు ఇచ్చిన నలభై ఎనిమిది గంటల పరీక్షా పత్రం చూపించాలన్నది వాటిలో ఒకటి. ఇది నలభై ఒకటోది. అందులో ఇలా ఉంది: "విదేశీయుల దేహములపై నిర్ధారించిన అంకెలతో మన జిల్లా ప్రజల దేహములను కొలుచుట ఆత్మగౌరవమునకు భంగకరము. కావున మన జిల్లాకు చెందిన నూటఇరవై మంది ధ్రువీకృత ఆరోగ్యవంతుల రక్తము ఆధారముగా స్థానిక నార్మల్ నిర్ధారింపబడువరకు, సదరు హార్మోను రిపోర్టు ఏదియు జారీ చేయరాదు. అంకెను నోటితో చెప్పుట సైతము జారీ క్రిందికే వచ్చును."

ఇందులో తప్పేముందని చదువుకున్నవాళ్లు అడగొచ్చు. ఏమీ లేదు. ఏ ల్యాబయినా ఆ పని చేసుకోవచ్చు, మంచిదే. పని అయ్యేదాకా పెట్టె మీది అంకెతో సరిపెట్టుకుంటారు, అంతే. సరిపెట్టుకోవడం అన్నమాట వైకుంఠరావు గారి నాణ్యతలో లేదు.

అంకె చెప్పకూడదన్నారు గానీ చూడకూడదని రాయలేదు గనక, నేను తెరని మాల్యాద్రి గారు నిలబడ్డ కిటికీ వైపు తిప్పి పెట్టి టీకి వెళ్లాను. నేను తిరిగొచ్చేసరికి మాల్యాద్రి గారు కిటికీ దగ్గర లేరు, సూపరింటెండెంటు గదిలో వైకుంఠరావు గారి ముందు ఉన్నారు. నన్నూ పిలిచారు. మాల్యాద్రి గారు నెమ్మదస్తుడు. ఆ రోజు మాత్రం కుర్చీ అంచుకొచ్చి కూర్చున్నారు. ఆమెకి మామూలు కంటే పదింతలు ఎక్కువుందని, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పని చెప్పారు.

వైకుంఠరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎక్కువ అంటున్నారు. దేనికంటే ఎక్కువ?"

"అరవై అయిదు కంటే సార్."

"ఆ అరవై అయిదు ఎవరిది?"

"కిట్టు పెట్టె మీద ఉంటుంది సార్."

"పెట్టె ఏ జిల్లాది?"

పెట్టె ఏ జిల్లాదో మెడికల్ కాలేజీలో చెప్పరు. వైకుంఠరావు గారు లేచి నిలబడి, మన మట్టిలో పండింది తిని, మన ఎండకి మాడి, మన బోరు నీళ్లు తాగిన ఒంటికి ఎవడో పైదేశం వాడి ఒళ్లు కొలబద్ద ఎలా అవుతుందని నిలదీశారు. బహుశా మన జిల్లాలో అందరికీ ఆరువందలే ఉండొచ్చు, అదే నిజమైతే అరవై అయిదు ఉన్నవాళ్లే రోగులు, వాళ్లని మనం ఇన్నాళ్లూ గాలికి వదిలేశామన్నమాట అన్నారు. గదిలో చప్పట్లు పడ్డాయి. నేనూ కొట్టాను. నా సర్వీసు పుస్తకం ఆయన బల్ల మీదే ఉంది.

పట్నం పెద్దాసుపత్రికి పంపిద్దామని మాల్యాద్రి గారు చూశారు. మీ జిల్లాలో యంత్రం ఉండగా ఇక్కడికెందుకు, అక్కడి రిపోర్టు తెమ్మన్నారట. బయట ప్రైవేటు ల్యాబులో చేయిద్దామంటే, సొంత యంత్రం ఉండగా బయటి రిపోర్టు థియేటర్ రిజిస్టరులో ఎక్కించరాదని ఆ నలభై ఒకటో సర్క్యులర్లోనే అయిదో పేరా ఉంది. రిజిస్టరులో ఎక్కని మనిషికి మత్తు డాక్టరు మత్తివ్వడు. ఇక మిగిలింది ఆ నూటఇరవై మందిని వెతకడమే.

ఊరంతా బ్యానర్లు కట్టించారు. 'మీరు ఆరోగ్యంగా ఉన్నారా? అయితే వెంటనే ఆసుపత్రికి రండి' అని వాటి మీద. వారం రోజులు ఒక్కడూ రాలేదు. తాము ఆరోగ్యంగా ఉన్నామన్న అవగాహన ప్రజల్లో లేదని వైకుంఠరావు గారు పైకి రిపోర్టు రాసి, మమ్మల్ని వ్యానెక్కించి వీధుల్లోకి పంపారు.

ఆరోగ్యానికి ఒక ఫారం ఉంది. పదహారు గడులు. దగ్గు, షుగరు, బీపీ, గుండె, కళ్లు, బరువు, అలవాట్లు, ఇలా. పదహారూ సరిగ్గా ఉంటేనే మనిషి ఆరోగ్యవంతుడు. మొదటి క్యాంపుకి మార్కెట్ వీధిలో రెండువందల పన్నెండు మందిని పట్టుకొచ్చాం. అందరూ పొద్దున నవ్వుకుంటూ వచ్చినవాళ్లే. సాయంత్రానికి డెబ్బై ఒక్కమందికి షుగరు, ఎనభై తొమ్మిది మందికి బీపీ, మిగతావాళ్లలో చాలామందికి ఈ రెండూ బయటపడ్డాయి. నలుగురు మిగిలారు. తక్కినవాళ్లంతా రోగులై ఇళ్లకి పోతూ నన్ను నోటికొచ్చినట్టు తిట్టారు. ఇరవై ఏళ్లుగా నాకు క్షవరం చేసే మంగలి, నీ దగ్గరికొచ్చేదాకా నేను బాగానే ఉన్నానన్నాడు. అది నిజమే, ఏం చెప్పను.

తర్వాత ఇంకో ఇబ్బంది వచ్చింది. మా వ్యాను కనపడగానే జనం దగ్గడం మొదలుపెట్టారు. దగ్గున్నవాడు ఫారం మొదటి గడిలోనే ఎగిరిపోతాడని ఊరంతా పాకింది. మేం సందు మొదట్లోకి రాగానే ఆ చివరిదాకా ఖళ్లు ఖళ్లుమని దగ్గులు. పసిపిల్లలకి కూడా నేర్పించారు. ఆఫీసులో మా సిబ్బందినీ పరీక్షించారు. సూపరింటెండెంటు గారికి షుగరు మూడువందలు. వైకుంఠరావు గారి బీపీ నేనే చూశాను, నూటతొంభై. ఆయన ఫారం నా చేతిలోంచి తీసుకుని, 'పదవీరీత్యా ఏర్పడిన రక్తపోటు, వ్యక్తిగతమైనది కాదు' అని తనే రాసుకున్నారు.

అయినా ఆయన పట్టు వదిలే రకం కాదు. తాళ్లెక్కే గీత కార్మికుల్నీ, సైకిళ్ల మీద తిరిగే పోస్టుమెన్లనీ, కబడ్డీ జట్లనీ, కాలువ పనికెళ్లే ఆడవాళ్లనీ గాలించి, నెలన్నర తిరిగేసరికి తొంభై మందిని పోగేశారు. ఇప్పుడు వాళ్లని కాపాడుకోవడం ఎలాగన్నది సమస్య. నూటఇరవై మందీ పూర్తయి తుది ధ్రువీకరణ అయ్యేనాటికి అందరూ ఆరోగ్యంగానే ఉండాలని నిబంధన. ఇద్దరు కబడ్డీ ఆటగాళ్లు మిరపకాయ బజ్జీలు తిని వాంతులు చేసుకున్నారు. అనుమతి లేకుండా అస్వస్థతకు గురైనందుకు సంజాయిషీ ఇవ్వమని వాళ్లకి మెమోలు వెళ్లాయి. ఒక పోస్టుమన్ వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నాడు. అతన్ని ఆరోగ్యం నుంచి సస్పెండ్ చేశారు.

ఇలా లాభం లేదని ఆరోగ్యవంతుల్ని ఆసుపత్రిలోనే చేర్చుకోవాలని తీర్మానించారు. వాళ్ల కోసం ఎముకల వార్డూ, దాని పక్కనున్న రెండు వార్డులూ ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, ఫ్యాన్లు బిగించి, పొద్దునా సాయంత్రం గుడ్డూ పాలూ పెట్టారు. గుమ్మానికి 'రోగులకు ప్రవేశం లేదు' అని బోర్డు పెట్టారు. అక్కడున్న రోగుల్ని వరండాలోకి మార్చారు. ఆసుపత్రిలో రోగుల్ని ఉంచితే ఆరోగ్యవంతులకి అంటుకునే ప్రమాదం ఉందని ఒక నాణ్యతా కమిటీ మెంబరు రాతపూర్వకంగా ఆందోళన తెలియజేశాడు.

ఆ వరండాలో, సరిగ్గా ఆ బోర్డు కింద, సైదమ్మ చాప పడింది.

నేను రోజూ పొద్దున అటుగా వెళ్లి ఆమె కాల్షియం చూడటానికి రక్తం తీసేవాణ్ని. ఆ పరీక్షకి పాత నార్మలే చెల్లుతుంది, దాని మీద ఇంకా సర్క్యులర్ రాలేదు. పదమూడు పాయింట్ ఎనిమిది పద్నాలుగయింది. సెలైన్లు ఎక్కించినా, మందులు వేసినా ఒకరోజు దిగి మర్నాడు ఇంకాస్త ఎక్కేది. పద్నాలుగున్నర దాటినరోజు మాల్యాద్రి గారు నన్ను పక్కకి పిలిచి, పదిహేను దాటితే గుండె ఏ నిమిషంలో ఆగిపోతుందో చెప్పలేనన్నారు. సైదమ్మ మాటలు తడబడటం మొదలైంది. ఒకసారి నన్ను చూసి, డాక్టరుగారి కోటుకి గంజి ఎక్కువైందేమోనంది. గోడకి అవతల ఆరోగ్యవంతులు క్యారమ్స్ ఆడుతున్నారు.

భాద్రపదం వచ్చేసరికి నూటపందొమ్మిది దగ్గర బండి ఆగిపోయింది. నలభై దాటిన ఆడవాళ్లు ముప్పై మంది ఉండాలి, ఇరవై తొమ్మిది మందే దొరికారు. ఊళ్లో నలభై దాటిన ఆడవాళ్లంతా మా వ్యాను చప్పుడుకే మంచమెక్కేస్తున్నారు. వైకుంఠరావు గారికి నిద్ర కరువైంది. ఆ ఒక్క మనిషి కోసం ఆయన పక్క జిల్లా అధికారికి ఉత్తరం రాస్తే, మా ఆరోగ్యవంతులు మాకే చాలడంలేదని జవాబొచ్చింది.

ఆ రోజు సైదమ్మ దగ్గర కూర్చుని ఖాళీ ఫారం చేతిలో పట్టుకుని చూస్తున్నాను. ఊరికే, కోపం పట్టలేక, గడులు ఒక్కొక్కటే ఆమెకి సరిపెట్టి చూశాను. దగ్గు లేదు, షుగరు లేదు. బీపీ ఆ పొద్దున చూసిందే, బాగుంది. గుండె ఈసీజీ పట్టీ అప్పటికి బాగానే ఉంది. బరువు, కళ్లు, పళ్లు సరే. అలవాట్లు లేవు. కాల్షియానికి గడి లేదు, ఎందుకంటే ఆ ఫారం ఏదో గుండెజబ్బుల కార్యక్రమానికి అచ్చేసి మిగిలిపోయింది. కిడ్నీ రాళ్లకీ లేదు. విరిగిన ఎముకలు 'ప్రమాదవశాత్తు' అయితే పర్వాలేదట. పదహారో గడి హార్మోను జబ్బులు. ఆ గడి కింద చిన్న అక్షరాల్లో 'అధికారికముగా జారీ అయిన రిపోర్టులను మాత్రమే పరిగణించవలెను' అని ఉంది. ఆమెకి జారీ అయిన రిపోర్టు ఏదీ లేదు. జారీ చేయనిది నేనే.

పదహారుకి పదహారు. మా జిల్లాలో అంత ఆరోగ్యంగా ఉన్న మనిషి ఇంకొకరు లేరు.

కాస్త తెలివిలో ఉన్న సమయం చూసి ఆమెకి విషయం చెప్పాను. "అంటే ఏందన్నా, నాకు రోగముందని తేలాలంటే ముందు నాకు ఏ రోగం లేదని రాయించుకోవాలా?"

అవునన్నాను.

"నిలబడాల్సొచ్చిద్దా?"

రెండు నిమిషాలు నిలబడాలని చెప్పాను. నిలబడతానంది.

మర్నాడు ధ్రువీకరణ. మాల్యాద్రి గారికి సంగతంతా ముందే చెప్పాను. ఆయన థియేటర్ సిద్ధం చేయించడానికి వెళ్లారు. సైదమ్మ బల్ల అంచు పట్టుకుని వైకుంఠరావు గారి ముందు నిలబడింది. ఎముకల నొప్పికి పై పెదవి మీద చెమట పట్టింది. ఆయన ఫారం పదహారు గడులూ చూశారు, మనిషిని చూడలేదు. మొహం వికసించింది. ఇలాంటి నిఖార్సయిన స్థానిక ఆరోగ్యం మన మధ్యే ఉండగా ఎక్కడెక్కడో వెతికామన్నారు. ఆమె మెడలో దండ వేసి ఫోటో తీయించారు. వరండాలోంచి ఆమె చాప తీయించి లోపల మంచమిచ్చి, గుడ్డు తెప్పించి పెట్టారు. రెండు నెలలుగా రోగిగా దొరకనిది రోగం లేనందుకు దొరికింది.

నూటఇరవై అంకెలూ వరసగా పేర్చి పైనుంచి మూడు, కింది నుంచి మూడు వదిలేయాలన్నది పద్ధతి. పైనుంచి వదిలేసిన మూడింట్లో సైదమ్మకి మొదట్లో తీసిన ఆరువందల పన్నెండు కూడా పోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, పద్ధతిలో వదిలేసినవాటిని చూడమని లేదు. మిగిలినవాటితో లెక్క కడితే మా జిల్లా నార్మల్ తేలింది. పదిహేను నుంచి అరవై అయిదు.

నేను పెట్టె వైపు చూశాను. వైకుంఠరావు గారు చూడలేదు. "ఇది మన పదిహేను. మన సొంత అరవై అయిదు," అన్నారు. పాపం, ఆయనకి నిజంగానే కళ్లనీళ్లు తిరిగాయి. పదీ నలభైకి ఉత్తర్వు మీద సంతకం చేశారు.

పదీ నలభై ఒకటికి నేను మీట నొక్కాను. పెండింగులో ఉన్న మొదటి రిపోర్టు బయటికొచ్చింది. సైదమ్మ, వయసు నలభై ఆరు, హార్మోను ఆరువందల పన్నెండు, నార్మల్ పదిహేను నుంచి అరవై అయిదు. సంతకం పెట్టి, ఒక కాపీ బల్ల మీద వదిలి, ఇంకోటి పట్టుకుని ఈ వయసులో పరుగెత్తాను. మెట్ల దగ్గర ఒక చెప్పు ఊడితే అక్కడే వదిలేశాను. థియేటర్ గుమ్మంలో నర్సు జ్ఞానసుందరి రిపోర్టు అందుకుని నంబరు రిజిస్టరులో ఎక్కించింది. అయిదు నిమిషాల్లో ఆరోగ్యవంతుల వార్డులోంచి సైదమ్మ స్ట్రెచరు వెళ్లింది. మెడలో దండ తీయడం కూడా మర్చిపోయారు, తలుపు దగ్గర జ్ఞానసుందరి తీసింది.

ల్యాబుకి తిరిగొచ్చేసరికి బల్ల దగ్గర వైకుంఠరావు గారు నిలబడి ఉన్నారు. ఒక చేతిలో ఆరోగ్య ధ్రువపత్రం, ఇంకో చేతిలో రిపోర్టు కాపీ. రెండింటి మీదా సైదమ్మ పేరే. ఆయన నెమ్మదిగా, ఫైలు చదివినట్టు చదువుకుంటూ పోయారు. రిపోర్టు ప్రకారం ఈమె రోగి. రోగి అయితే ఆరోగ్యవంతుల జాబితాలో ఉండకూడదు. ఈమె లేకపోతే జాబితాలో నూటపందొమ్మిదే. నూటపందొమ్మిదితో నార్మల్ చెల్లదు. నార్మల్ చెల్లకపోతే రిపోర్టు చెల్లదు. రిపోర్టు చెల్లకపోతే ఈమె రోగి కాదు. రోగి కాకపోతే జాబితాలో ఉండొచ్చు. ఉంటే నూటఇరవై. నూటఇరవై అయితే రిపోర్టు చెల్లుతుంది. అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టారు. నేను ఆయనకి కుర్చీ వేశాను. మంచినీళ్లు తెచ్చిపెట్టాను. ఎన్నిసార్లు తిరిగితే అంత మంచిదని మనసులో అల్లాకి మొక్కుకుంటూ నిలబడ్డాను.

పదకొండూ పాతికకి ఆయన గట్టి నిర్ణయానికొచ్చారు. నార్మల్ రద్దు, రిపోర్టు రద్దు, దాన్ని ఆధారం చేసుకున్న తదుపరి చర్యలన్నీ రద్దు. ఉత్తర్వు రాసుకుని స్వయంగా థియేటర్ దగ్గరికి నడిచారు. తలుపు మీద ఎర్రలైటు వెలుగుతోంది. జ్ఞానసుందరి అడ్డంగా నిలబడింది. లోపలికి వెళ్లాలంటే ముక్కు పరీక్షా పత్రం కావాలంది. తానెవరో తెలుసా అని ఆయన అడిగారు. తెలుసనీ, ఆ సర్క్యులర్ కింద ఉన్నది తమరి సంతకమేననీ ఎంతో మర్యాదగా చెప్పింది. ఆయన నా వైపు తిరిగారు. ఇప్పుడు ముక్కులోంచి నమూనా తీస్తే ఎల్లుండి ఇదే వేళకి పత్రం ఇస్తానన్నాను. నాణ్యతలో సరిపెట్టుకోవడం ఉండదు గనక, ఆయన అక్కడే బెంచీ మీద కూర్చుని ముక్కు పైకెత్తారు. నమూనా తీసుకున్నాను.

మాల్యాద్రి గారు తీసిన గ్రంథి పెద్ద రేగుపండంత ఉంది. కందిగింజంత ఉండాల్సింది. తీసిన పది నిమిషాలకి ఇంకో గొట్టంలో రక్తం పంపారు. చెరుకురసం బండి దగ్గరి ఐసులోనే పెట్టి తెచ్చాను. రోగం పోతే ఆ హార్మోను నిమిషాల్లో పడిపోవాలి, పడకపోతే ఇంకో గ్రంథి కూడా పాడైందని, ఇంకా వెతకాలని అర్థం. తెర ముందు నిలబడ్డ ఆ పద్దెనిమిది నిమిషాలు నా సర్వీసంత పొడుగనిపించాయి. అంకె పడింది. ముప్పై నాలుగు.

ఫోను మోగింది. అవతల జ్ఞానసుందరి. డాక్టరుగారు అంకె ఎంతని అడుగుతున్నారంది. వైకుంఠరావు గారు నా వెనకే నిలబడి ఉన్నారు, ముక్కు తుడుచుకుంటూ.

"అంకె చెప్పకూడదమ్మా. నార్మల్ రద్దయింది," అన్నాను. "డాక్టరుగారిని కుట్లు వేసేయమను."

ఆ తర్వాత నాకూ మాల్యాద్రి గారికీ చెరొక మెమో వచ్చింది. చెల్లని రిపోర్టుపై జరిగిన ఆపరేషన్ కూడా చెల్లదు గనక, సదరు రోగిని పూర్వస్థితిలో పునఃస్థాపించి, తీసివేసిన గ్రంథి విషయమై వారం రోజుల్లో వివరణ ఇవ్వాలని. గ్రంథిని పునఃస్థాపించడానికి రోగి అంగీకారం కావాలనీ, రోగి అంగీకరించడం లేదనీ జవాబు రాశాం. ఫైలు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆరోగ్యవంతులు అన్నాళ్లూ పాలూ గుడ్లూ తిని కదలకుండా పడుకోవడంతో ముప్పై మందికి కొత్తగా షుగరొచ్చింది. వాళ్లని బయటి వరండాలోకి మార్చారు.

మాఘంలో మళ్లీ వెతుకులాట మొదలైంది. ఈసారి వైకుంఠరావు గారు స్వయంగా వ్యానెక్కి, మొట్టమొదట ఆసుపత్రి వెనక సందుకే వచ్చారు. నేనూ వెంట ఉన్నాను. సైదమ్మ బండి దగ్గర నిలబడి తెల్లకోటు ఇస్త్రీ చేస్తోంది. నిప్పులు నింపిన ఇత్తడి పెట్టెని అప్పుడు విరిగిన చేత్తోనే ఎత్తి, తిప్పి, పక్కన పెడుతోంది. మెడ మీద సన్నటి గీత తప్ప ఇంకేం లేదు. మనిషి నాలుగు కిలోలు పెరిగింది. వైకుంఠరావు గారికి ఆమెని చూడగానే ఆకలిగొన్నవాడికి విస్తరి కనపడ్డట్టయింది. నువ్విప్పుడు నిజంగానే ఆరోగ్యవంతురాలివమ్మా, ఈసారి అడ్డేమీ ఉండదు, వచ్చి జాబితాలో చేరమని బతిమాలారు.

సైదమ్మ పెట్టె పక్కన పెట్టింది. "నాకు బాగైందని మీ కాడ కాగితమేమన్నా ఉందా సారూ?"

ఆయన ఇబ్బందిగా కదిలారు. అది నార్మల్ తేలాక ఇస్తామన్నారు.

ఆమె నా వైపు చూసింది. తర్వాత వ్యాను వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు, సందు చివరిదాకా వినపడేలా, ఒళ్లంతా అదిరేలా దగ్గింది. నా చెయ్యి నాకు తెలియకుండానే నా పక్కటెముకల మీదికి పోయింది.

వైకుంఠరావు గారు నిట్టూర్చి ఫారం మొదటి గడిలో 'దగ్గు, అనర్హురాలు' అని రాసి వ్యానెక్కారు. నేను వెనకబడి, ఎముకలేమన్నా పటుక్కుమన్నాయా అని అడిగాను. సైదమ్మ కొంగు తీసి, పక్కటెముకలు ఒక్కొక్కటే చేత్తో తడుముకుని చూసుకుంది.

"ఒక్కటీ విరగలా అన్నా," అంది.